అచ్చు గుద్దినట్టు

టొలీడోలో మంగళవారం సాయంత్రం.
లూథరన్ చర్చి కింది గదిలో, మడతబల్ల మీద
అరచేతికి కాస్త పెద్దదైన బండి ఒకటి.
దాని చుట్టూ ఏడుగురు మగవాళ్లూ, మేవిస్ అనే ఆవిడా, నేనూ.

నన్ను వీళ్లు రానిచ్చింది నా చేతిసంచిని చూసి.
పగలు పళ్ల ల్యాబులో పని నాది,
ఊళ్లోవాళ్ల దవడలకు అచ్చు తీసి తొడుగులు చేస్తాను.
నా దగ్గరున్నంత సన్నటి ఆకురాళ్లు
వీళ్ల బొమ్మల కొట్లో దొరకవు.

ఇవాళ్టి తగువు అరవైనాలుగు మెరిడియన్ మీద.
కంపెనీ మళ్లీ వదిలింది, కొత్త డబ్బా మీద పాత బొమ్మేసి.
లోపలున్నది పాత అచ్చులోదా, కొత్తగా చెక్కినదా?

"కొత్తదే" అంటాడు విస్నెస్కీ.
"డెబ్బై రెండులో దాన్ని రేసుబండి చేశారు కదా,
బానెట్ మీద బొడిపె లేపడానికి ఉక్కు తొలిచేశారు.
తొలిచిన ఉక్కు మళ్లీ మొలుస్తుందా?
దీనికి బొడిపేదీ?"

నేను తలూపాను. అచ్చులో అన్నీ తలకిందులే:
బయట మెట్ట కావాలంటే లోపల గుంట తవ్వాలి.
ఏదో చేర్చామనుకుంటాం కానీ
పోగొట్టుకున్నది లోపలే ఉంటుంది, ఎవరికీ కనపడకుండా.

"కొత్తదైతే అద్దం వాలు తప్పు" అన్నాడు ఆర్విల్ స్టకీ.
ఎనభై మూడేళ్లు. ఈ ఊరి గాజు ఫ్యాక్టరీలో
ముప్పయ్యొక్కేళ్లు అసలు బండ్లకు ముందద్దాలు పరీక్షించాడు,
దీపం ముందు నిలబెట్టి, అలలున్నవి పక్కకు తీసేస్తూ.
ఆ మనిషి వాలు తప్పంటే
మిగతావాళ్లు కుర్చీలు దగ్గరికి జరుపుకున్నారు.

ఎడ్డెమంటే తెడ్డెమనే విస్నెస్కీ మాత్రం
"రుజువేదీ?" అన్నాడు.

స్టకీ కోటు విప్పి, దాని కింద దాచి తెచ్చిన డబ్బా తీశాడు.
అరవైనాలుగులో కొన్నది. పై కాగితం కూడా చిరగలేదు.
మేవిస్ "వద్దు ఆర్విల్" అంది.
డబ్బా ధర తెలిసిన ముగ్గురు కళ్లు మూసుకున్నారు.
ఆయన గోటితోనే చించాడు, చింతపండు పొట్లం చించినంత తేలిగ్గా.

అరవై ఏళ్ల గాలి బయటికొచ్చింది, కాస్త కిరసనాయిలు వాసనతో.
లోపల తెల్లటి ఒళ్లు, వెండి బంపర్లు, సొరంగంలా మెరిసే దీపాలు,
నాలుగు మెత్తటి టైర్లు.
వాటిలో ఒకటి అద్దానికి ఆనుకుని పడుకుంది.
ఇన్నేళ్లూ అలాగే ఆనుకుని పడుకుని
గీతల ముద్రతో సహా
అద్దాన్ని తినేసింది.

ఎవరూ మాట్లాడలేదు.
హీటరు ఒక్కటే టకటకమంది.

తర్వాత స్టకీ కొత్త డబ్బాలోంచి అద్దం తీసి
పాత ఒంటికి పెట్టి చూశాడు.
కుడివైపు కూర్చుంది. ఎడమవైపు, మూలన,
వెంట్రుకవాసి సందు.

"చూశారా," అన్నాడు.
"చెప్పాను కదా."
ఆ ముఖం వెలిగిన తీరు చూస్తే
డబ్బా వృథా అయిందని అనడానికి
విస్నెస్కీకే నోరు రాలేదు.

"నీ ఆకురాయితో రెండు రుద్దులు రుద్దితే
సరిపోతుంది కదమ్మా?" అని అడిగాడెవరో.
సరిపోతుంది. రోజూ చేసే పనే.
పన్ను కాస్త ఎత్తైందని వచ్చినవాళ్లకు
అందులో పదోవంతు తీస్తే చాలు, నవ్వుకుంటూ వెళ్తారు.
కానీ నేను సంచి తెరవలేదు.
ఆ సందు ఆయనది.

పాడైన అద్దాన్ని స్టకీ చొక్కా జేబులో వేసుకున్నాడు.
నీళ్లలో నానబెట్టి అంటించే నంబర్ల కాగితం మాత్రం
పసుపు ముద్దలా మారిపోతే నా చేతిలో పెట్టాడు:
"మీ ల్యాబుకి దక్షిణపు కిటికీ ఉందన్నావు."

అతికించాను, లోపలి వైపు నుంచి, టేపుతో,
పేరు రాసిన పదకొండు ప్లాస్టరు దవడల పక్కన.
ఎండకి పసుపు విరుగుతుందట, మూడు వారాల్లో.
ఇది జనవరి. ఈరీ సరస్సు మీద మబ్బు.
ఇప్పటికి ఒకటిన్నర గంట ఎండ తగిలింది,
ఏడో నంబరు అంచు, నా కళ్లేనేమో,
కొద్దిగా తెల్లబడినట్టుంది.